ఓర్వల్ బాబాయ్ బిగించిన స్కోపు

తుపాకీకి స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, బిగించడం తనకు పుట్టుకతో వచ్చిన విద్య అని మా ఊళ్లో ప్రతి మగాడూ నమ్ముతాడు. ఆ నమ్మకానికి ప్రధాన పూజారి మా ఆవిడ బ్రెన్నా వాళ్ల బాబాయ్, ఓర్వల్ స్టెన్‌క్విస్ట్. ఐడహో రాష్ట్రం ఉత్తరాన ఈ కొండల్లో దుంగల లారీ తోలి రిటైరయ్యాడు. ఆయన గరాజులో ఒక కాఫీ డబ్బా ఉంది. దాని నిండా పాత రింగులు, స్క్రూలు. ఏది ఏ తుపాకీ నుంచి ఊడిందో ఆయనకూ తెలియదు. ఎవరైనా కొత్త రింగులు కొంటామంటే ఆయనకు ఒకటే నవ్వు.

"స్కోపు కొనండి, కాదన్ను. దాన్ని పట్టుకునే ఇనప ముక్కకి కూడా షాపుకెళ్లాలా?"

ఈ ఏడు బ్రెన్నాకి మూస్ వేట పర్మిట్ల లాటరీ తగిలింది. మూస్ అంటే గుర్రమంత ఎత్తుండే అడవి దుప్పి. మా రాష్ట్రంలో కొమ్ముల మూస్‌ని కొట్టే భాగ్యం జన్మకొక్కసారే. ఓర్వల్ వయసొచ్చిన దగ్గర్నుంచీ దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు, ఒక్కసారీ తగల్లేదు. బ్రెన్నా పెట్టింది ఇదే మొదలు. అభినందించడానికి వచ్చిన పెద్దమనిషి, పోతూ పోతూ ఆమె తుపాకీ, కొత్త స్కోపు రెండూ చంకన పెట్టుకుపోయాడు.

బిగించి తెచ్చాడు. స్కోపు గొట్టం సన్నం, డబ్బాలో దొరికిన రింగులేమో లావు గొట్టానివి. మధ్య సందుని బీరు డబ్బా రేకు కత్తిరించి పూడ్చాడు. పైగా ఆ రింగులు ఎంత ఎత్తంటే, చెంప పిడికి ఆనిస్తే కన్ను స్కోపుకి అందదు. కన్ను అందితే చెంప గాల్లో ఉంటుంది.

"మావయ్యా, ఆ రేకు జారుతుందేమో," అన్నాను.

"అల్లుడూ, నువ్వు బళ్లో పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకో. ఇది వేరే శాస్త్రం."

"తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోపు కంటికి తగిలితే?"

"తగిల్తే మచ్చ పడుద్ది. కనుబొమ మీద మచ్చ లేనోడు వేటగాడేంటి!"

ఇంట్లో పాకే పాప ఉంది. కనుబొమ చీలిన తల్లి ఆ పాపను ఎత్తుకోవడం నా కళ్ల ముందు కదిలింది. అది ఆయనకు కనబడదు కదా.

ఆదివారం చర్చి అయ్యాక ఊరంతా కంకర క్వారీలో గురి సరిచూసుకోవడానికి చేరింది. బ్రెన్నా గుండ్లు అట్ట మీద ఒకదానికొకటి సంబంధం లేకుండా పడ్డాయి.

ఓర్వల్ పెద్దగా నిట్టూర్చాడు, అందరికీ వినపడేలా. "పేలకముందే ఉలిక్కిపడుతున్నావు తల్లీ. ఆడపిల్లలకి ఉండేదేలే. దిగులుపడకు, నీ పక్కన నేనూ తుపాకీతో ఉంటా. నీ గురి తప్పితే నేను అందుకుంటా."

లాటరీ ఎవరికి తగిలితే వాళ్లే కొట్టాలి, అది చట్టం. ఆ సంగతి ఈయనకి తెలియక కాదు. జన్మంతా దొరకని మూస్‌ని కూతురి వరస పిల్ల పేరు మీద కొట్టుకోవాలని ఆశ.

తిరిగొస్తూ పికప్‌లో బ్రెన్నా అడిగింది. "నేను నిజంగా ఉలిక్కిపడుతున్నానా? చెప్పు. గాయపడ్డ జంతువు పొదల్లో పడి చస్తుంటే తట్టుకోవడం నావల్ల కాదు. అంతకంటే వెళ్లకపోవడమే నయం." చిన్నప్పట్నుంచీ ఏటా దుప్పిని కొట్టి తెచ్చే మనిషి అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు ఆమె గోళ్ల రంగు సీసా తీసి, రింగు మీదుగా స్కోపు గొట్టం మీదికి ఒకే గీత గీసింది. పాపను అమ్మమ్మ దగ్గర వదిలి మళ్లీ క్వారీకి వెళ్లాం. నాలుగైదు గుండ్లు పేల్చి చూస్తే గీత రెండు ముక్కలైంది. గొట్టం మీది ముక్క ముందుకు జరిగిపోయింది.

బ్రెన్నా పగలబడి నవ్వింది. "ఉలిక్కిపడేది నేను కాదు, స్కోపు!"

అక్కణ్ణుంచి నేరుగా తుపాకుల షాపుకి. ఓర్వల్ కౌంటరు మీద మోచేతులు ఆనించి అప్పటికే అక్కడున్నాడు. అది ఆయన రెండో ఇల్లు. బ్రెన్నా గొట్టం సైజుకి సరిపోయే స్టీలు రింగులు మాత్రమే అడిగింది. పొట్టివి పెట్టి చూస్తే స్కోపు ముందు బుంగలా ఉబ్బిన భాగం బ్యారెల్‌కి తగిలింది. మధ్యరకం పెడితే సన్నని సందు మిగిలింది. కళ్లు మూసుకుని చెంప ఆనించి, తెరిచి చూసింది. స్కోపులో దృశ్యం నిండు చంద్రుడిలా చుట్టూ సమంగా కనబడిందట.

"రింగులకి ఇంత పెళ్లిచూపులా?" అన్నాడు ఓర్వల్.

"చూపులు లేకుండా నువ్వు చేసిన పెళ్లి నిన్నే పెటాకులైంది బాబాయ్."

కౌంటరు వెనకాయన రసీదు పుస్తకం కోసం కిందికి వంగి చాలాసేపు పైకి లేవలేదు.

ఇంటికొచ్చి, స్క్రూలు ఒక్కోటీ కొంచెం కొంచెంగా, బిగువు కొలిచే స్క్రూడ్రైవరుతో తిప్పింది. ఆ సాయంత్రం గుండ్లన్నీ ఒక పిడికిలి కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి.

వేటకు ఓర్వల్‌ని రమ్మంది, ఒక షరతుతో. "తుపాకీ వద్దు బాబాయ్. వీపున మాంసం మోసే చట్రం తెచ్చుకో."

బురదనేల అంచున, పొదల్లోంచి వచ్చి మూస్ పక్కకి తిరిగి నిలబడింది. బ్రెన్నా ఒక్కటే పేల్చింది. అది నాలుగడుగులు వేసి కూలింది. ఓర్వల్ దాని పక్కన నిలబడ్డాడు, టోపీ తీసి. కాస్త జాలిపడదామనుకున్నాను. ఈలోపు నోరు తెరిచాడు.

"ఏదైనా, ముందు బిగించింది నేనే కదా. ఆ పునాది మీదే..."

"అయితే పెద్ద వాటా నీదే," అంటూ బ్రెన్నా, కోసిన మూస్ వెనక కాలు తొడతో సహా ఆయన చట్రానికి కట్టింది. "లే బాబాయ్."

రోడ్డు చేరేలోపు ఆ బరువుకి ఆయన నోరు మూతపడింది. మర్నాడు పొద్దున డైనర్‌లో, గుడ్లూ బంగాళాదుంపలూ రాకముందే మళ్లీ తెరుచుకుంది.