ఫ్లెక్సీలో పుట్టిన జనం

"గీళ్లంత ఎవరు నరేందర్? ఒక్కడన్న మన చందానగరోడు ఉన్నడా?" అని అడిగాడు వెంకటనారాయణ, తన పుట్టినరోజు ఫ్లెక్సీ కింద నిలబడి.

కార్పొరేటర్ టికెట్ ఆశిస్తున్న ఆయనే "జర నిండుగ కనపడాలె" అని ముందు చెప్పింది. పెళ్ళి ఫోటోలు మానేసి ఫ్లెక్సీల్లోకి దిగిన నరేందర్, ఏఐని అడిగి నిమిషంలో వందమంది అభిమానులను పుట్టించాడు. అందరూ పెళ్ళికొడుకుల్లా ఉన్నారు. వాళ్ళకు చోటు చాలక అసలు అనుచరులు ఆరుగురి ఫోటోలూ తీసేశాడు.

అభిమానం సంగతి దేవుడెరుగు, ఫ్లెక్సీ ఖర్చు మాత్రం ఏటా ఆ ఆరుగురే పెట్టుకుంటారు, కింద తమ మొహాలు పడతాయని.

"మా మొహాలే లేవు, పైసలెందుకిస్తమన్నా? పో, ఆ వందమందినడుగు," అన్నారు వాళ్ళు, డబ్బులకొచ్చిన నరేందర్‌తో.

నరేందర్‌కు ఆ ఫ్లెక్సీ తాలూకు నాలుగువేలు ఇంకా రాలేదు.