మంచివే ఏరి తెచ్చిన మచ్చు

నా చెయ్యి మంచిదని మా బాబాయికి ఒక నమ్మకం. చిన్నప్పుడు వాళ్ళ పెరట్లో నేను నాటిన కరివేపాకు మొక్క బతికిందట. అక్కడ మొదలై, ఆయన రొయ్యల చెరువులో పిల్లల్ని వదిలే రోజున మొదటి సంచి నా చేత పోయించేదాకా వచ్చింది. రొయ్యపిల్లల్ని ఇక్కడ అందరూ సీడు అంటారు. నేను గుడివాడలో ఒక ల్యాబ్‌లో ఆ సీడుకి జబ్బుందో లేదో పరీక్ష చేసి రిపోర్టు మీద సంతకం పెడతాను. రోజూ భవానీపురం నుంచి బస్సులో పోయి రావడం. చెయ్యి మంచిదంటే నాకు చిరాకు. సంతకం మంచిదంటే మాత్రం పైకి చెప్పను గానీ లోపల ఉబ్బిపోతాను.

ఆ ఏడు ఆ ఉబ్బే నా కొంప ముంచింది.

అంతకుముందు పంట పోయింది. పోవడమంటే రొయ్యలు చచ్చిపోలేదు, అదే ఏడుపు. మేత తిన్నాయి, చెరువంతా తిరిగాయి, మూడు నెలలు దాటినా చిటికెనవేలంత కూడా ఎదగలేదు. పరీక్ష చేసి, రొయ్యని ఎదగనివ్వని ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి అని తేల్చాను. మందేదైనా రాసివ్వమన్నాడు బాబాయి.

"దేనికి వెయ్యాలి మందు? అది నీళ్ళల్లో లేదు. రొయ్య కాలేయం ఉంటుంది చూడు, అందులో ఒక్కో కణం లోపల కూర్చుంది. దాన్ని చంపబోతే ముందు రొయ్య చస్తుంది" అన్నాను.

ఊరుకోకుండా పెద్ద క్లాసే పీకాను. ఇది బూజు జాతికి దూరపు చుట్టం. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట దీని పూర్వీకులు తమ తిండి తామే అరిగించుకుని బతికేవి. తర్వాత వేరే జీవుల కణాల్లోకి దూరడం మరిగాయి. బయట బతికేదానికి ఒక ముఖ్యమైన జన్యువు పాడైతే చావే. లోపల అంతా అమర్చి పెట్టినచోట ఉన్నదానికి ఏ నష్టమూ లేదు. అందుకని తరాలు గడిచేకొద్దీ ఒక్కొక్క జన్యువూ పాడై రాలిపోయింది. చివరికి చక్కెర నుంచి శక్తి తీసుకునే జన్యువులు కూడా దీనికి మిగల్లేదు. మిగిలినవల్లా కణంలోకి దూరే పనిముట్లు, కణం చేసుకున్న శక్తిని లాగేసుకునే పంపులు. ఆ పంపుల జన్యువులైనా సొంతవి కావు, ఎప్పుడో ఒక బ్యాక్టీరియా నుంచి దీని పూర్వీకులకు చేరినవి.

"ఇల్లరికపు అల్లుడన్నమాట" అన్నాడు బాబాయి.

"ఇల్లరికపు అల్లుడైనా ఎప్పుడన్నా కట్టెలు కొట్టి పెడతాడు" అంది పిన్ని.

ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక బాబాయి గోడకి ఆనుకుని, "ఈసారి కూడా ఇట్టాగే అయితే చెరువు వదిలేస్తానమ్మా. ఆటోనగర్‌లో ఏదో షెడ్డుకి కాపలా పోతా. అరవై దాటినయ్, ఇంకేం చెయ్యగలను?" అన్నాడు. పిన్ని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఎండాకాలమంతా చెరువు ఎండగట్టాడు. నేల నెర్రెలిచ్చాక దున్నించి, పొడి సున్నం చల్లి తడిపాడు. ఆ ఘాటుకి కళ్ళు వాచి వారం రోజులు సరిగ్గా తెరవలేకపోయాడు. మట్టి తెచ్చిస్తే నేనే పరీక్ష చేశాను, శుభ్రంగా ఉంది. ఇక జబ్బు రావాలంటే సీడుతోనే రావాలి.

సముద్రం పక్కన సీడు పొదిగించే హేచరీకి ఆయనే స్వయంగా వెళ్ళి, ప్లాస్టిక్ సంచిలో నమూనా తీసుకుని సరాసరి మా ల్యాబ్‌కి వచ్చాడు. పిల్లలు నిక్షేపంలా ఉన్నాయి. అన్నీ ఒకే సైజు, ఒకటే ఉరకడం. నమూనాతో పాటు ఒక ఫారం నింపాలి. అందులో నమూనా ఎలా తీశారన్న ప్రశ్న ఉంటుంది. పరాయి రైతునైతే పది ప్రశ్నలు వేసి విసిగించేదాన్ని. ఈయన మా బాబాయి కదా, అడిగేదేముంది? "తొట్టె అంతటా కలిపి తీసినది" అని నేనే రాసేసుకున్నాను. పరీక్షలో జబ్బు లేదని వచ్చింది. సంతకం పెట్టిచ్చాను.

మూడో రోజు పొద్దున్నే సీడు వ్యాను వచ్చింది. నలభై సంచులు. చెరువు నీటి వేడికి అలవాటు పడడానికి వాటిని కాసేపు నీళ్ళ మీద తేలనిచ్చారు. పిన్ని గట్టు మీద కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ప్రార్థనలో నా రిపోర్టుకి కూడా స్తోత్రం చెప్పింది. బాబాయి మొదటి సంచి విప్పి నా చేతికిచ్చాడు. మోకాలి లోతుకి దిగి మెల్లగా వంచాను. పిల్లలు నీళ్ళల్లోకి చిమ్ముకుంటూ పోయాయి.

సంచి అడుగున మూలకి కొన్ని అంటుకుని ఉన్నాయి. సన్నగా, పాలిపోయి, మిగతావాటిలో సగం కూడా లేవు.

"బాబాయ్, నాకు తెచ్చిచ్చినవి అన్నీ ఒక్క సైజే ఉన్నాయి కదా! ఎట్టా తీశావు వాటిని?"

"ఎట్టా తియ్యడమేంటమ్మా? తెల్ల బేసిన్‌లో పోసి నీళ్ళు గిర్రున తిప్పా. నీళ్ళకి ఎదురీదినవాటిని ముంచుకొచ్చా. మధ్యలో కుప్పపడ్డ చెత్తంతా అక్కడే పారబోశా."

"మంచివి ఏరావా?"

"మరి? చెడ్డవి ఏరి తెస్తారా ఎవరన్నా? నలభై ఏళ్ళు మిల్లుకి వడ్ల మచ్చు పట్టుకెళ్ళినోణ్ణి. మచ్చంటే బస్తాలో మంచి గింజే కదా చూపిచ్చేది!"

ఆయన గొంతులో గర్వం కూడా ఉంది. జబ్బు దొరికేది ఆ మధ్యలో కుప్పపడ్డవాటిలోనే. రైతన్నవాడు అలాగే ఏరతాడని తెలిసే ఆ ప్రశ్న ఫారంలో పెట్టారు. దానికి జవాబు రాసింది నేను.

"మిగతా సంచులు విప్పొద్దు" అని అరిచాను.

బాబాయి మొహం మారిపోయింది. "రిపోర్టు నువ్వే ఇచ్చావు. సంతకం నీదే. వ్యాను వచ్చి నిలబడ్డాక ఇప్పుడు ఆపమంటావేంది?"

"నాలుగు గంటలు బాబాయ్. నీకు దణ్ణం పెడతాను. నాలుగు గంటలు ఆగు."

ఆయన నన్నొకసారి, చెరువునొకసారి చూశాడు. పిన్నే పనివాళ్ళని కేకేసి, షెడ్డు పక్క సిమెంటు తొట్టెలో గాలి పెట్టించి ముప్ఫై తొమ్మిది సంచులూ అందులో పోయించింది. నేను తొట్టెలో నుంచి నీరసంగా ఉన్నవాటినే ఏరి సీసాలో పోసుకుని, బాబాయి బండి మీద ల్యాబ్‌కి పరుగెత్తాను.

పరీక్ష మిషను ముందు కూర్చోవడమంత నరకం ఇంకోటి లేదు. జబ్బు లేకపోతే తెర మీద గీత నేలబారుగా పోతుంది, ఉంటే పైకి లేస్తుంది. ఇన్నేళ్ళలో కొన్ని వేల గీతలు టీ తాగుతూ చూశాను. ఆ రోజు టీ చల్లారిపోయింది. లేవకు, లేవకు అని గొణుగుతున్నాను. సగం దాకా బుద్ధిగానే పోయింది. ఆ తర్వాత తల ఎత్తింది. అదే సీడు రెండో గొట్టంలో కూడా పెట్టి ఉంచాను. అదీ లేచింది.

ఫోనులో చెప్పే ధైర్యం లేక బండేసుకుని వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. బాబాయి తొట్టె గోడ మీద కూర్చుని ఉన్నాడు. నా మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

"సరే, తొట్టెలోవి పారబోద్దాం" అన్నాడు. "చెరువులో పడింది ఒక్క సంచే కదమ్మా. అంత నీళ్ళల్లో అదెంత? ఏమీ కాదు కదూ?"

ఏమీ కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ మాట కోసం ఆయన నా కళ్ళల్లోకి చూస్తున్నాడు.

"అవుతుంది బాబాయ్. రొయ్య రెట్టలోంచి ఆ జబ్బు గింజలు బయటికొస్తాయి. పక్క రొయ్య తింటుంది. నెల తిరిగేసరికి చెరువంతా అదే. చెరువు మొత్తానికి బ్లీచింగ్ వెయ్యాలి. ఇప్పుడే, జబ్బు పాకకముందే. నీళ్ళు తోడేసి, మళ్ళీ సున్నం కొట్టి, మంచి సీడు దొరికితే ఆలస్యంగానైనా పంట వెయ్యొచ్చు. దొరక్కపోతే లేదు."

పిన్ని చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఇక దాచుకోవడం చేతకాలేదు. "తప్పు నాది. నిన్ను అడక్కుండా ఫారంలో నేనే రాసేశాను. అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది" అన్నాను.

"ఏరింది నేను, రాసింది నువ్వు" అన్నాడు బాబాయి. తిట్టినా బాగుండేది.

షెడ్డులో ఉన్న బ్లీచింగ్ బస్తాలు పనివాళ్ళు గట్టు మీదికి మోసుకొచ్చారు. మొదటి బకెట్ నేనే కలిపాను. కళ్ళు మండుతున్నాయి, అది బ్లీచింగ్ వల్లో ఏడుపు వల్లో నాకే తెలియడం లేదు. పొద్దున సంచి వంచిన చోటికే దిగాను. నా కాళ్ళ చుట్టూ పిల్లలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బకెట్ ఎత్తాను. వెనక నుంచి బాబాయి నీళ్ళల్లోకి దిగి బకెట్ పట్టుకున్నాడు.

"నాకియ్యి" అన్నాడు.

"నేను పోసినవే కదా బాబాయ్. నేనే చేస్తాను."

"వద్దమ్మా. చంపే పని నీ చేత్తో చెయ్యొద్దు. మళ్ళీ సీడు వస్తే మొదటి సంచి పొయ్యాల్సింది ఆ చెయ్యే." బకెట్ లాక్కుని నన్ను గట్టు వైపు నెట్టాడు. "పోయి కాళ్ళు కడుక్కో, పో."