తెలియదన్న ముక్క

పాత రేడియోలు బాగుచేసే ఆయన్ని వీధంతా వాల్వుల మావయ్య అంటారు. యుద్ధకాలం నాటి విమానాల రేడియో సామాను ఏది చేతికిచ్చినా, మసి తుడిచి ఇట్టే పోల్చేస్తాడు. భార్య పోయాక ఆయనకు మాటా మంతీ అంతా దుకాణానికి వచ్చేవాళ్ళతోనే.

ఒక మధ్యాహ్నం ఒకావిడ అట్టపెట్టె తెచ్చింది. “అన్నయ్య దాచుకున్నవండీ. పోయాడు. ఇవేమిటో తెలియకుండా పారేయబుద్ధి కాలేదు.”

మావయ్య ఒక్కొక్కటీ బయటికి తీశాడు. “ఇది గొంతుకు కట్టుకునే మైకు. ఇంజను హోరులో నోటి దగ్గర మైకు పెడితే మాట వినపడదు కదా!”

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “అన్నయ్య ఒక్కనాడూ ఇలా విడమరిచి చెప్పలేదు.”

చివరికి రెండు కాళ్ళున్న చిన్న నల్ల డబ్బీ మిగిలింది. అదేమిటో మావయ్యకు చూడగానే తెలిసింది. అయినా, “ఇది మాత్రం అంతు చిక్కడం లేదమ్మా. రేపొకసారి రండి” అని డబ్బీ తన దగ్గరే ఉంచుకున్నాడు.

మర్నాడు కుర్చీ తుడిచి వేశాడు. ఆవిడ అల్లుడు వచ్చాడు. “అత్తయ్య పొద్దున్నే ఊరెళ్ళిపోయారండీ. ఇదేమిటో తెలిసిందా?”

“క్రిస్టల్ బాబూ. రేడియో ఒకే స్టేషను మీద నిలబడేట్టు చూస్తుంది.”

అల్లుడు దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ‘ఇంకాసేపు కూర్చోండమ్మా అని నిన్ననే అడిగితే పోయేదిగా’ అనుకున్నాడు మావయ్య.