హీరోగారి చిగుళ్లు, హీరోయిన్ సిగ్గు

శ్రీనగర్ కాలనీలో పళ్ల డాక్టర్‌గా ఉన్న పుణ్యానికి, ఈ రోజు ఒక హీరోగారి నోటిని బాగా దగ్గర నుంచి చూశాను. ఫిల్మ్ నగర్‌లో షూటింగ్ ఆపుకుని, మేకప్ కూడా తుడుచుకోకుండా, మేనేజర్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. ముందు పళ్లు తెల్లగా మెరవాలట, అంతే. తీరా నోరు తెరిపిస్తే చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి, పళ్ల మొదళ్లలో గార గట్టిపడి ఉంది. నా ముక్కుకి మాస్క్ ఉందన్న మాటే గానీ వాసన ఆగలేదు.

"రోజూ తోముకుంటున్నారాండీ?" అన్నాను.

"తోమితే రక్తం వస్తోందండీ. అందుకే మానేశాను."

"తోమకపోతే గార పేరుకుంటుంది. దానివల్లే చిగుళ్లు వాచి రక్తం వస్తోంది. ముందు అది తీయించుకుని, రెండు పూటలా మెత్తటి బ్రష్‌తో తోముకోవాలి. లేదంటే చివరికి పళ్లే కదులుతాయి."

మేనేజర్ అడ్డొచ్చాడు. "చిగుళ్లు కెమెరాకి కనపడవు కదా మేడమ్. అవతల డ్యూయెట్ తీస్తున్నాం. హీరోయిన్ కొత్తమ్మాయి, సార్ దగ్గరకి రాగానే సిగ్గుతో మొహం తిప్పేసుకుంటోంది. ఆ సిగ్గు చూసి డైరెక్టర్‌గారు మురిసిపోయి, ఫిలిం ఎంత ఖర్చయినా పర్లేదని క్లోజప్‌లు పెంచేశారు."

హీరోగారు గర్వంగా, నోరంతా తెరిచి నవ్వారు. నేనూ మొహం తిప్పుకున్నాను. నాదీ సిగ్గే అనుకుని ఉంటారు.

రక్తం వస్తోందని బ్రష్ మానేసిన వీరులు మీ ఇంట్లోనూ ఉన్నారా? ఉంటే, వాళ్ల ముందు ఎవరెవరు సిగ్గుపడుతున్నారో చెప్పండి.