భుజం మీద గుండీలు

"...అని అన్నీ నువ్వే తొడిగేస్తే ఇక నేనెందుకు? ఒక బొమ్మని కొనుక్కో, దానికి తొడుగు, గుమ్మంలో నిలబెట్టు."

"బొమ్మయితే కదలకుండా నిలబడుతుంది. మీరు నిలబడరుగా! ఆ చెయ్యి ఇలా పెట్టండి."

"అది నా మాట వినేదైతే, నీ మాట నేనెందుకు వింటానే?"

ట్రయల్ రూము పరదా లోపలినుంచి మోచేతుల పోట్లు తిని ఉబుకుతోంది. పరదాకి ఇవతల మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తున్న ఆవిడ, పెడల్ మీద కాలు ఆపి విన్నది. ఆ రెడీమేడ్ బట్టల కొట్టులో ఆవిణ్ణి అందరూ ఆల్టరేషనమ్మ అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా తక్కువే.

పరదా తోసుకుని ఒకాయన బయటికొచ్చాడు. కొత్త చొక్కా సగమే ఒంటిమీద ఉంది. కుడి చెయ్యి దూరింది. ఎడమ చెయ్యి పక్కన వేలాడుతోంది, ఎవరో కాసేపు చూస్తూ ఉండమని అప్పగించి వెళ్ళిపోయిన సామానులా. లారీ డ్రైవరుగా చేసి, పక్షవాతం వచ్చి ఇంట్లో కూర్చున్న మనిషి. వెనకాలే భార్య వచ్చింది, ఆయాసపడుతూ.

"చూడమ్మా," అంది ఆల్టరేషనమ్మతో, సాక్షి దొరికినట్టు. "రోజూ పొద్దున్నే మా ఇంట్లో ఇదే భాగోతం. గుండీ పెడితే తప్పు, పెట్టకపోతే తప్పు."

"టీ కొట్టు దాకా వెళ్ళాలంటే ముందు ఈవిడ చేతిలో పసిపిల్లాణ్ణి అవ్వాలి," అన్నాడు డ్రైవరు. "ఎంతెంత బండ్లు కొండలెక్కించాను! ఇప్పుడు చొక్కా లొంగటం లేదు."

"బండికి గుండీలుండవుగా మరి."

కౌంటరు దగ్గర అమ్మాయిలు నవ్వారు. ఆల్టరేషనమ్మ నవ్వలేదు. ఆయన భుజం మీది కుట్టునే చూస్తోంది.

"మీ పాత చొక్కా ఒకటి తెచ్చి ఇవ్వండి అన్నయ్యగారూ," అంది. "వారం ఆగి రండి."

వాళ్ళు వెళ్ళాక ఓనరు గల్లాపెట్టె మీదుగా మెడ చాచాడు. "ఏం చేద్దామనమ్మా?"

"చూద్దామని సార్."

"మనది పొట్టి చేసే పని, బిగుతు చేసే పని. లేనిపోని వైద్యాలు మొదలెట్టకు తల్లీ."

ఆ మాట నిజమే. ఇరవై ఏళ్ళ పైబడి ఆవిడ చేసింది పొట్టి చేయడం, బిగుతు చేయడం. చిన్నప్పుడు తల్లి ఇంట్లో బట్టలు కుట్టేది. మిషను అక్కకి ఇచ్చి, తప్పిన కుట్లు విప్పే పని ఈవిడకి ఇచ్చింది. "విప్పే చెయ్యి వేరు, కుట్టే చెయ్యి వేరు" అనేది. విప్పీ విప్పీ, బట్ట ఎక్కడ పట్టేస్తుందో, ఎక్కడ వదులవుతుందో ఆవిడ వేళ్ళకి తెలిసిపోయింది. కానీ మొదలూ చివరా తనదే అయిన బట్ట ఒక్కటీ ఆ చేతి కింద తయారవలేదు. పైగా ఆ పనిలో మెప్పు కూడా విచిత్రమైనది: ఎంత బాగా చేస్తే అంత కనపడదు. ఒకసారి బస్సులో తన ఎదుట నిలబడ్డ కుర్రాడి ప్యాంటు అంచు చూసి, అది తన కుట్టేనని గుర్తుపట్టింది. దిగేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. కుర్రాడు ఏమనుకున్నాడో, ముందుకు జరిగి నిలబడ్డాడు.

బాధేం లేదు. భర్త గోడౌనులో గుమస్తా, నెమ్మదస్తుడు. కూతురు మందుల షాపులో పనిచేస్తోంది. ఇల్లు గడిచిపోతోంది. కాకపోతే ఈ మధ్య పెడల్ ఆగినప్పుడల్లా, ఆ ఆగిన చప్పుడులో, అయితే ఏంటి అని ఎవరో అడుగుతున్నట్టుండేది. జవాబు దొరికేలోపల ఇంకో ప్యాంటు వచ్చి పడేది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఎడమ చేతిని నడుముకి ఆనించి తువ్వాలుతో కూతురి చేత గట్టిగా కట్టించుకుంది. భర్త చొక్కాలు మంచం మీద పరిచి ఒక్కొక్కటే తొడుక్కోవడం మొదలుపెట్టింది.

"ఏవిటిది?" అన్నాడు గుమ్మంలో చెప్పులు విప్పుతున్న భర్త.

"నాన్నా, అమ్మ నాటకంలో వేషానికి పోతోంది," అంది కూతురు.

"నా చొక్కాలతోనా?"

"మీరు అడుగుతారులెండి, అదృష్టవంతులు," అంది ఆవిడ చొక్కా లోపలినుంచి. తల కాలరులో ఇరుక్కుంది. "రెండు చేతులూ ఉన్నవాళ్ళకి బట్టలంటే ఏం తెలుసు? తొడుక్కున్న సంగతి కూడా గుర్తుండదు."

చొక్కా వెనక్కి పోతే అందదు. చంక కింద గుండీ పెడితే వేలు వంగదు. మణికట్టు దగ్గర పెడితే పళ్ళతో లాగాలి. కుర్చీలో కూలబడి, విసుగొచ్చి కుడి చేత్తో ఎడమ భుజం రుద్దుకుంది. రుద్దుకుంటూ రుద్దుకుంటూ ఆగిపోయింది. చెయ్యి తిన్నగా అక్కడికే వెళ్ళింది. చూడకుండానే వెళ్ళింది. ఒక చెయ్యి ఉన్న మనిషికి ఒంటిమీద తేలిగ్గా అందేది అవతలి భుజమే.

ముందున్న గుండీలు ఉత్తుత్తివి చేసేయొచ్చు, తల దూర్చుకుంటే చాలు. కుట్టు తెరవాల్సింది మెడ దగ్గర్నుంచి భుజం మీదుగా చొక్కా చెయ్యి చివరిదాకా. బలం లేని చేతిని అందులో పడుకోబెట్టి, పైనుంచి మూసి, ప్రెస్ బటన్లు నొక్కుకుంటూ పోవడమే. ఆవిడ కట్టు విప్పమనడం కూడా మరిచి, ఒంటి చేత్తోనే అన్నం తింది.

డ్రైవరు తెచ్చి ఇచ్చిన పాత చొక్కాకి ఆవిడ అలాగే భుజం తెరిచి కుట్టింది. వారం తిరిగాక ఆయన భార్యతో వచ్చి, దాన్ని తీసుకుని పరదా వెనక్కి వెళ్ళాడు. తర్వాత లోపలినుంచి, "అమ్మా, ఇది ఎవరి భుజం?" అని వినపడింది.

ఆవిడ వెళ్ళి పరదా పక్కకి జరిపింది. తెరిచిన కుట్టు కుడి భుజం మీద ఉంది. ఇరవై ఏళ్ళుగా, ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ తన కుడి అని వేరే అనుకోకుండానే చెయ్యి తిప్పి గుర్తు పెట్టేది. ఈసారి కొలత తన ఒంటిమీదే తీసుకుంది. చొక్కాని బల్ల మీద వెల్లకిలా పరిచి, తన ఎడమ పక్కన కత్తెర పెట్టేసింది.

"ఈయన కూడా ఇలాగే కుడీ ఎడమా చూసుకుని నడిపుంటే, నాకు ఎప్పుడో విముక్తి దొరికేది," అంది డ్రైవరు భార్య.

"ఊరుకోవే. మొదటిరోజే రివర్సు గేరు ఎవరికి పడుతుంది?" అన్నాడు డ్రైవరు. ఆల్టరేషనమ్మ వైపు తిరిగి, "నా దగ్గర ఇంకో పాత చొక్కా ఉందమ్మా. దాన్ని కూడా పాడుచేయి," అన్నాడు.

ఆ రోజునుంచి ఆవిడ కొలత తీసుకునే పద్ధతి మారిపోయింది. ఎదురుగా నిలబడటం మానేసింది. అద్దం ముందు రెండు కుర్చీలు వేసి, మనిషి పక్కనే, ఇద్దరూ ఒకే వైపు చూసేటట్టు కూర్చునేది. బట్టను బల్ల మీద బోర్లా పరిచేది. అప్పుడు వాళ్ళ ఎడమే తన ఎడమ. కొలిచినంతసేపూ వాళ్ళు ఇంటి సంగతులు చెప్పేవాళ్ళు. ముఖంలోకి ఎవరూ చూడకపోతే మనుషులకి మాట సులువుగా వస్తుంది.

రెండో చొక్కా రోజున డ్రైవరు పరదా వెనక ఎంతసేపున్నాడంటే, ప్యాంట్ల కోసం వచ్చినవాళ్ళు విసుక్కుని వెళ్ళిపోయారు. భార్య స్టూలు మీద కూర్చుని, చేతులు ఎక్కడ లేచిపోతాయోనని సంచి గట్టిగా పట్టుకుంది. లోపలినుంచి టక్‌మని ఒక బటను, కాసేపటికి ఇంకోటి. పరదా జరిగింది. డ్రైవరు నిలబడ్డాడు. చొక్కా ఒంటిమీద పూర్తిగా ఉంది. కాలరు ఒక పక్కకి మడతపడింది.

భార్య చటుక్కున లేచి కాలరు మీద చెయ్యి వెయ్యబోయింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చెయ్యి తియ్యి."

"వంకరగా ఉందండీ!"

"వంకరే ఉండనీ. నా వంకర నాది."

ఆమె సంచి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆయన ఒక్కడే గుమ్మం దాటి టీ కొట్టు వైపు నడిచాడు.

ఆ టీ కొట్టులో ఆయన ఊరుకుంటాడా? ప్రతి ఒక్కడికీ చొక్కా విప్పి మళ్ళీ తొడుక్కుని చూపించాడట. మనుషులు రావడం మొదలైంది. మిల్లులో చెయ్యి పోగొట్టుకున్నవాడు వచ్చాడు. వేళ్ళు బిగుసుకుపోయిన ముసలాయన, మనవరాలు తన గుండీలు పెడుతుంటే సిగ్గుగా ఉందని వచ్చాడు. చక్రాల కుర్చీలో టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగిని వచ్చింది. ఆల్టరేషనమ్మ కొలతలకి పక్కన కూర్చోగానే, "నన్ను నిలబడమనరా?" అని అడిగింది.

"ఎందుకు?"

"కుట్టేవాళ్ళందరూ ముందు అదే అంటారు. ఒక్క నిమిషం నిలబడగలరా అని. నిలబడే మనిషికి కుట్టి నాకిస్తారు. వీపు మీదికి లేచిపోతుంది, పొట్ట మీద గుట్ట పడుతుంది."

"మీరు కూర్చునే ఉంటారు కదా, కూర్చున్న కొలతే తీస్తాను," అంది ఆల్టరేషనమ్మ. వెనక పొడుగు, ముందు పొట్టి. అంతే. ఆ అంతే అన్నది ఆమెకి ఇన్నేళ్ళూ ఎవరూ ఇవ్వలేదు.

ఓనరుకి ఇది నచ్చలేదు. చెడ్డవాడేం కాదు. ఎవరైనా అలిగి వెళ్ళిపోతారేమోనని ఎప్పుడూ గుండెలు అరచేతిలో పెట్టుకుని ఉంటాడు.

"మేడమ్, ఏమనుకోకండి, కుర్చీ కొంచెం ఇటు జరిపితే..." అన్నాడు చక్రాల కుర్చీ ఆవిడతో. "మిగతావాళ్ళు అద్దం దగ్గరికి రాలేకపోతున్నారు."

"ఇన్నేళ్ళూ నేను రాలేకపోయాను. అప్పుడు మీరేమనుకున్నారు?" అంది ఆవిడ, అద్దంలోంచే అతణ్ణి చూస్తూ. కుర్చీ జరపలేదు.

ఆ వారంలోనే ఓనరు ఆల్టరేషనమ్మని పక్కకి పిలిచాడు. పెద్దబజారులో కొత్త కొట్టు తెరుస్తున్నాడు. అక్కడ కుట్టేవాళ్ళందరి మీదా ఆవిడే పెద్ద. సూది పట్టక్కర్లేదు. తాళాల గుత్తి ఆవిడ దగ్గరే. "ఒక్కటే మాట. ఈ ప్రత్యేకం పనులు మాత్రం అక్కడికి తేవద్దు. ఇక్కడ కూడా ఇంతటితో ఆపేద్దాం. కొట్టుకి కొట్టు మర్యాద ఉంటుంది కదమ్మా."

ఇంట్లో పండగలా అయింది. "ఇన్నాళ్ళకి నీ కష్టం కళ్ళబడింది," అన్నాడు భర్త. "ఎవరినైనా అడుగు, కుర్చీ వద్దనేవాళ్ళు ఉంటారా?"

"ఇన్నాళ్ళూ నేను కూర్చునే కదండీ పనిచేశాను."

"అది స్టూలు!"

కూతురు తల్లి ముఖం పసిగట్టింది. "అమ్మా, నీకు జాలి ఎక్కువ. వాళ్ళని చూస్తే నీకు పాపం అనిపిస్తుంది. అందుకే..."

"పాపం అనిపిస్తే చొక్కా నేనే తొడిగి పంపేదాన్ని," అంది ఆవిడ చప్పున. తన గొంతు తనకే గట్టిగా వినిపించింది. "వాళ్ళు నన్ను తొడగనివ్వరే. అందుకే వస్తారు. ఆ డ్రైవరుగారు కాలరు ముట్టుకోనివ్వలేదు పెళ్ళాన్ని, తెలుసా?"

"అయితే?"

ఆవిడ పళ్ళెం ముందు కూర్చుని మాటల కోసం వెతికింది. బస్సులో కుర్రాడి ప్యాంటు అంచు సంగతి చెప్పబోయి, వీళ్ళు నవ్వుతారని ఊరుకుంది. "అయితే ఏంటి అని ఇప్పుడెవరూ అడగట్లేదే నన్ను," అంది చివరికి. అదేం జవాబని తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

భర్త అన్నం కలుపుతూ నెమ్మదిగా అన్నాడు. "చూడు, వద్దంటే అతను ఉన్నదీ పీకేస్తాడు. ఈ వయసులో నిన్ను ఎవరు పిలిచి పనిస్తారు? నాలుగు రోజులు పోతే వాళ్ళు కూడా రారు. అప్పుడు రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు."

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆవిడకి భయం వేసింది కూడా. ఆ వారమంతా మిషను ముందు కూర్చున్నప్పుడల్లా కొత్త కొట్టునీ, తాళాల గుత్తినీ ఊహించుకుని చూసింది. కుర్చీ బాగానే ఉంది. అందులో కూర్చున్న మనిషి ఏం చేస్తుందో మాత్రం ఎంతకీ కనపడలేదు.

ఆదివారం పొద్దున ఓనరే ఇంటికొచ్చాడు. భర్త ఎదురెళ్ళి తీసుకొచ్చి, ముందు గదిలో టీవీ ఎదుట మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ వంటింట్లో టీ కాస్తుంటే మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ఆవిడ తరఫున నేను చెబుతున్నాగా, సరేనంటే సరే. మా ఆవిడ నోరు తెరిచి ఏదీ అడగదు సార్, ఎప్పుడూ అంతే."

"అందుకే కదండీ ఆవిడంటే నాకు గురి."

ఆవిడ టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. ఓనరు జేబులోంచి తాళాల గుత్తి తీసి, టీ గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు. భర్త కూడా నవ్వాడు. ఆవిడ గుమ్మానికి ఆ చివరినుంచి ఈ చివరికి జానలు వేసి కొలిచింది. చక్రాల కుర్చీ పడుతుంది. తర్వాత తాళాల గుత్తిని ఓనరు వైపు జరిపింది.

"ఏవండీ, ఆ టీవీ లోపలి గదిలోకి మార్చండి," అంది. "సార్, రేపట్నుంచి నేను కొట్టుకి రాను. నాకోసం ఎవరైనా వస్తే, మా ఇంటికి దారి చెప్పండి. ఈ గదిలోనే కూర్చుంటాను."