బావ తాగిన మజ్జిగ

టీవీ సీరియల్లో ఇన్‌స్పెక్టరు తన తమ్ముణ్ణి పట్టించాలా వదిలేయాలా అని నాలుగు వారాలుగా కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తున్నాడు. నా చిన్నప్పుడు ఇలాంటి చిక్కే వస్తే మా బావకు అంత వ్యవధి దొరకలేదు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. తిరువళ్లూరు దగ్గర పాండూరులో ఉండేవాళ్లం. అక్కను చేసుకున్న బావ కొత్తగా కానిస్టేబులయ్యాడు. మద్యనిషేధం కాలం, చేతిలో గుక్కెడు కల్లున్నా నేరమే. కానీ ఆపాలకు, అంటే మెత్తటి బియ్యపు అట్లకు, పిండి పొంగాలంటే అందులో కాస్త కల్లు పడాల్సిందే. మరునాడు పొద్దున అల్లుడు వస్తున్నాడు, ఆపాలంటే అతనికి ప్రాణం అని అమ్మ నా చేతికి చెంబిచ్చి తాటితోపుకు పంపింది. (పోలీసు అల్లుడి ఆపాలకు దొంగకల్లు. అమ్మకు ఇందులో తప్పేమీ కనిపించలేదు.)

చెంబుకు అరిటాకు మూత కట్టుకుని గట్టు మీద వస్తుంటే ఎదురుగా రెండు సైకిళ్లు. ముందు బావ, వెనక హెడ్ కానిస్టేబులు. పరిగెత్తితే పట్టుకుంటారు, నిలబడితే వాసన పట్టిస్తుంది. బావ సైకిలు దిగాడు.

"ఏముండాది పాపా చెంబులో?"

"మజ్జిగ" అన్నాను. నోటికి ఆ ఒక్కమాటే వచ్చింది. ఎండన పడి వచ్చిన హెడ్డు మొహం వెలిగిపోయింది. తనకూ కాస్త పొయ్యమన్నాడు.

బావ చెంబు అందుకుని ఆకు తీశాడు. ఆయన ముక్కు ఒకసారి అదిరింది. మూడు రోజుల కింద ఇంతే కల్లు దొరికిందని, చెట్లు గీసే ముసలాయన్ని స్టేషనుకు నడిపించుకుపోయింది ఈ బావే. నన్ను పట్టిస్తే అక్క కాపురం ఏమౌతుంది, దాచిపెడితే ఆయన ఉద్యోగం ఏమౌతుంది, ఇవన్నీ నాకు తర్వాత తోచినవి. అప్పుడు తోచింది ఒకటే: జైల్లో జడ కత్తిరిస్తారా? బావ చెంబెత్తి చుక్క మిగల్చకుండా తాగేశాడు.

"చానా పులిసిపోయింది ఏట్టయ్యా. మీ కడుపుకు పడదు" అన్నాడు. (హెడ్డును మా వైపు అట్లాగే పిలుస్తారు.) హెడ్డు ఖాళీ చెంబులోకి ఒకసారి తొంగిచూసి సైకిలెక్కాడు. జన్మలో కల్లు ముట్టని బావ సైకిలు మాత్రం ఆ తర్వాత గట్టు మీద నేరుగా పోలేదు.

మరునాడు ఆపాలు అట్టముక్కల్లా వచ్చాయి. బావ ఒకటి తుంచి, పక్కన పెట్టి, నన్ను అరుగు మీదికి పిలిచాడు. పట్టుకుపోవడానికే వచ్చాడనుకుని, నా రెండో పావడా మడిచి చంకలో పెట్టుకుని వెళ్లాను.

"ఆ ముసలాయన్ని పట్టినపొద్దు నాకు చెయ్యి వణకలేదు పాపా. నిన్న వణికింది. ఆయనకీ ఇంట్లో నీయంత మనమరాలుండాది" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని మాట నాతో చెప్పాడు. నేనేమన్నానంటే, "అయితే నన్ను జైలుకు తీసకపోరు గదా బావా?"

లేదని తలూపాడు. పావడా అక్కడే పడేసి ఆడుకోవడానికి పరిగెత్తాను. ఇప్పుడా పిల్ల కనిపిస్తే, నవ్వుకుంటూనే చెవి మెలేసి వెనక్కి తిప్పి, బావ పక్కన ఇంకొంచెంసేపు కూర్చోబెడతాను.