తూకం వేయించమన్న వాచీ

రెండో లాక్‌డౌన్ అయిపోయిన మరుసటి ఎండాకాలం నన్ను కర్నూలుకి వేశారు. పాత వాచీలు కొని కలెక్టర్లకి అమ్మే హైదరాబాద్ కంపెనీలో జూనియర్ ఫీల్డ్ బయ్యర్‌ని. కల్లూరులో గది, కర్నూలు, కడప రెండూ నా ఏరియా. మూడేళ్లు చేసి, ఇరవై ఎనిమిదేళ్లకే ఆ పని నుంచి రిటైరయ్యాను. నవ్వుకోండి, పర్లేదు.

ఇక్కడ బంగారు వాచీలేంటని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. అవన్నీ కువైట్ నుంచి వచ్చినవి. అప్పట్లో కడప వైపు నుంచి డ్రైవర్లుగా, వంటవాళ్లుగా వెళ్లినవాళ్లకి, పని మానేసి వచ్చేటప్పుడు కొందరు యజమానులు బంగారు క్వార్ట్జ్ వాచీ ఇచ్చేవాళ్లు. క్వార్ట్జ్ అంటే కీ ఇవ్వక్కర్లేదు, సెల్లుతో నడుస్తుంది. డయల్ మీద తమ ఇంటి గుర్తు వేయించేవాళ్లు. కలెక్టర్లు పడిచచ్చేది ఆ గుర్తు కోసమే. పైన కేసు మాత్రమే బంగారం. డయల్, లోపలి మిషను, కేసు మూడూ మొదటివే అయితే బంగారం ధరకి ఎన్నో రెట్లు వస్తుంది. ఒక్కటి పోయినా మిగిలేది తూకమే.

పద్ధతి ఏంటంటే, అమ్మేవాళ్లు వాట్సాప్‌లో ఫోటోలు పంపుతారు. నేను యాప్‌లో ఫారం నింపుతా. హైదరాబాద్‌లో వాల్యూయర్, అంటే ధర కట్టే ఆయన, సరే అంటేనే ఊరికి వెళ్లాలి. ఆ ఫారంలో ‘బరువు’ అనే గడి ఖాళీగా ఉంటే యాప్ ముందుకి కదలదు.

మైదుకూరు దగ్గర పల్లె నుంచి సలోమమ్మ అనే ఆవిడ ఫోటో పంపింది. ఆకుపచ్చ డయల్, మధ్యలో చిన్న డేగ. జూమ్ చేసి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆగలేక వాల్యూయర్‌కీ వాట్సాప్‌లో పంపాను. బరువు ఎంతని అడిగితే తెలియదంది. విసుగొచ్చి ఒక వాయిస్ మెసేజ్ పడేసి వేరే పనిలో పడ్డాను. ఆవిడ రెండు రోజులు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడో రోజు వాల్యూయరే ఫోన్ చేసి, ఆ డేగ ఏమైంది, అలాంటిది నా సర్వీసులో చూళ్లేదు, ముందు వెళ్లి చూడమన్నాడు. బస్సెక్కాను.

సలోమమ్మ చాటలో కందులు చెరుగుతోంది. వాచీ చూపించమన్నాను.

“యాడుండాదప్పా వాచీ? మైదుకూర్లో బ్రహ్మయ్య ఆచారి కాడ ఉండాది. ఈ పొద్దు సాయంత్రం కరిగిస్తానన్యాడు. మనవరాలికి కమ్మలు.”

“కరిగించడమేంటమ్మా! ఎవరు చెప్పారు?”

“నువ్వే గదప్పా తూకమేపియ్యమంటివి? మిషనుతో తూస్తే బంగారం లెక్క రాదని ఆచారి ఇప్పదీసినాడు. నీకు ఫోన్ చేస్తే పలకవు. రేటు లేదేమోలే అనుకున్యా.”

నేను అలా అనలేదని అరిచాను. ఆవిడ ఫోన్ తీసి నా మెసేజ్ పెట్టింది. “అమ్మా, బంగారం ఎంతుందో తూకం వేయించి చెప్పండి, ఊరికే ఫోన్ చెయ్యకండి.” నా గొంతే. ఆవిడ మళ్లీ చాట తీసుకుంది.

ఆవిణ్ణి అక్కడే వదిలేసి ఆటోలో మైదుకూరు పరిగెత్తాను. బ్రహ్మయ్య ఆచారి అంగట్లో బంగారు కేసు అప్పటికే మూసలో, అంటే కరిగించే మట్టిగిన్నెలో, పడి ఉంది. నిప్పు రాజేస్తున్నాడు.

“ఆపండి! అది తీసెయ్యండి!”

ఆయన ఊదుగొట్టం దించాడు. “ఎవురప్పా నువ్వు?”

“కంపెనీ నుంచి.”

“వాచీ కంపెనీదా?”

“సలోమమ్మ గారిది.”

“ఆయమ్మ యాడ?”

పల్లెలోనే ఉందన్నాను.

“ఇచ్చిన చెయ్యి వచ్చి వద్దంటే ఆపుతా. నువ్వు అరిస్తే ఆపేదానికి నీ సొమ్మా? నిప్పు రాజేటప్పటికి తోడుకోనిరా, పో.”

సలోమమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. నేను రెండు రోజులు ఎత్తనట్టే. మళ్లీ అదే ఆటో. ఆవిడ నన్ను చూసి చెంబుతో నీళ్లిచ్చింది. “ముందు తాగు. శానా ఎర్రబడినావు.” ఆ వాచీకి బంగారం కంటే డయల్, మిషను విలువెక్కువని అప్పుడు, తాగాక, మొదటిసారి నెమ్మదిగా చెప్పాను. “ఇదేదో ఆ పొద్దే చెప్పింటే?” అంటూ చెప్పులేసుకుంది.

మేం వెళ్లేసరికి బొగ్గులు కణకణ మండుతున్నాయి. మూస ఇంకా పక్కనే ఉంది. సలోమమ్మ గడప దాటకముందే, “వద్దు బ్రహ్మయ్యా,” అంది. ఆయన సరేనని పట్టకారుతో కేసు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. నాకివ్వలేదు.

మిషను పారేశారేమోనని భయపడుతూ అడిగాను. ఆయన అరమీద బోర్లించిన గాజు గ్లాసు ఎత్తాడు. కింద డేగ డయల్, పైన సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమంటూ తిరుగుతోంది.

“నడిచేదాన్ని యాడ పారేస్తామప్పా? దుమ్ము పడకుండా మూసిపెట్టినా.”

కువైట్ నుంచి దాన్ని తెచ్చిన తన భర్త ప్రకాశం పోయి ఆరేళ్లయినా సెల్లు అయిపోయినప్పుడల్లా వేయిస్తూనే ఉన్నానని సలోమమ్మ చెప్పింది. అయినా ఇప్పుడు అమ్మేస్తారా అని అడిగాను.

“అమ్మేదానికే గదా నిన్ను పిలిచింది. వచ్చినదాంట్లో కమ్మలు ఈయనతోనే చేపిస్తా.”

ఆచారి అరగంటలో మొత్తం తొడిగాడు. నేను ఫోన్లో వీడియో తీశాను. వాల్యూయర్ అది చూసి ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఏ ఇంటికి ఫోన్ చేసినా ముందు వాచీ విప్పకండని చెప్పాను, బరువు చివర్లో అడిగాను. సొంతదారు వెంట లేకుండా ఏ అంగడి మెట్టూ ఎక్కలేదు. ఆ బరువు గడిని మిగతా వాచీలన్నిటికీ వాళ్లు చెప్పిన అందాజాతోనే నింపాను. సలోమమ్మ వాచీకి మాత్రం, కేసు విప్పి తూచినప్పుడు ఆచారి రాసిచ్చిన చీటీ చూసి, మిల్లీగ్రాముతో సహా నింపాను.